స్థిత్యంతర ధర్మం: ఏ సంఖ్యల్లో, ఏ పరిక్రియకు వర్తిస్తుందో తేల్చుకునే సమగ్ర మార్గదర్శి

8 − 3 + 5 లో 3నీ 5నీ అటూ ఇటూ మార్చొచ్చా? ఈ ప్రశ్న నాకు చాలాసార్లు వచ్చింది. అడిగినవాళ్లలో చిన్న తరగతుల పిల్లలున్నారు, వాళ్లకు లెక్కలు చెప్పే పెద్దలూ ఉన్నారు. "స్థిత్యంతర ధర్మం కూడికకు, గుణకారానికి వర్తిస్తుంది, తీసివేతకు, భాగహారానికి వర్తించదు" అన్న వాక్యం అందరికీ కంఠతా వచ్చు. ఆ వాక్యాన్ని ఎలా పరీక్షించాలి, ఎలా నిరూపించాలి, లెక్క మధ్యలో ఎలా వాడుకోవాలి అన్న దగ్గరే చిక్కు. ఈ మార్గదర్శిలో ఆ పనులన్నీ వరుసగా చేద్దాం. పక్కన కాగితం, పెన్ను పెట్టుకుని చదవండి.

1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

స్థిత్యంతర ధర్మాన్నే వినిమయ ధర్మం అని కూడా అంటారు. రెండు సంఖ్యల స్థానాలు మార్చినా ఫలితం మారకపోవడమే దీని సారాంశం.

ఎ + బి = బి + ఎ
ఎ × బి = బి × ఎ

ఇక్కడ ఎ, బి అంటే ఏవో రెండు సంఖ్యలు కావు. మనం తీసుకున్న సమితిలోని (సంఖ్యల గుంపులోని) ఏ రెండు సంఖ్యలైనా. "ఏ రెండైనా" అన్న ఆ మాటమీదే ధర్మమంతా ఆధారపడి ఉంది.

సంఖ్యల రకాలు ఒకసారి గుర్తు చేసుకుందాం:

- సహజ సంఖ్యలు: 1, 2, 3, ...
- పూర్ణాంకాలు: సున్నాతో కలిపి 0, 1, 2, 3, ...
- పూర్ణసంఖ్యలు: ఋణ సంఖ్యలతో కలిపి ..., −2, −1, 0, 1, 2, ...
- అకరణీయ సంఖ్యలు: 2/3, −5/4 లాంటివి. లవం, హారం రెండూ పూర్ణసంఖ్యలే, హారం మాత్రం సున్నా కాకూడదు.
- కరణీయ సంఖ్యలు: √2, π లాంటివి. భిన్నంగా రాయలేనివి.
- వాస్తవ సంఖ్యలు: అకరణీయాలు, కరణీయాలు అన్నీ కలిపి.
- సంకీర్ణ సంఖ్యలు: 2 + 3ఐ లాంటివి. ఇందులో ఐ² = −1.

పూర్ణాంకాలు, పూర్ణసంఖ్యలు అన్న రెండు పేర్లూ దగ్గరదగ్గరగా వినిపిస్తాయి కాబట్టి పరీక్షలో తికమక పడేవాళ్లు ఎక్కువ. ప్రశ్నలో ఏది అడిగారో రెండుసార్లు చదవండి.

2. ప్రశ్నను పూర్తిగా రాసుకోండి

"తీసివేతకు స్థిత్యంతర ధర్మం ఉందా?" అన్నది సగం ప్రశ్నే. ఏ సమితిలో అన్నది కూడా చేర్చాలి. "పూర్ణసంఖ్యల సమితిలో తీసివేతకు స్థిత్యంతర ధర్మం ఉందా?" అంటే పూర్తి ప్రశ్న.

ఈ పట్టింపు ఎందుకో చూపిస్తాను. సరి, బేసి అనే రెండు రకాలనే తీసుకుని తీసివేత చేయండి. సరి సంఖ్యలోంచి బేసి సంఖ్య తీసేస్తే బేసి వస్తుంది. బేసిలోంచి సరి తీసేసినా బేసే. స్థానాలు మార్చినా జవాబు మారలేదు. అంటే ఈ రెండు మూలకాల చిన్న సమితిలో తీసివేతకు స్థిత్యంతర ధర్మం ఉంది!

అలాగే 1, −1 మాత్రమే ఉన్న సమితిలో భాగహారం చేయండి. 1 ÷ (−1) = −1, (−1) ÷ 1 = −1. ఇక్కడా ఉంది.

కాబట్టి ఈ ధర్మం ఒక్క పరిక్రియకే (కూడిక, తీసివేత లాంటి పనికే) చెందినది కాదు, ఒక్క సంఖ్యలకే చెందినదీ కాదు. రెంటి జతకు చెందినది. మీ నోట్‌బుక్‌లో మొదటి గీత ఇలా మొదలవ్వాలి: "సమితి: ... పరిక్రియ: ..."

3. సంవృత ధర్మం ఉందో లేదో చూడండి

స్థానాలు మార్చాక వచ్చే ఫలితం ఆ సమితిలో ఉండాలి కదా. ఫలితం ఎప్పుడూ ఆ సమితిలోనే ఉండడాన్నే సంవృత ధర్మం అంటారు. సహజ సంఖ్యల్లో 8 − 3 = 5 బాగానే ఉంది. 3 − 8 కు సహజ సంఖ్యల్లో జవాబే లేదు. పోల్చడానికి రెండోవైపు ఏమీ లేనప్పుడు స్థిత్యంతరం అప్పటికే విఫలమైనట్టే.

భాగహారంలో సున్నాతో జాగ్రత్త. 0 ÷ 5 = 0, కానీ 5 ÷ 0 కు అర్థం లేదు. కరణీయ సంఖ్యల్ని విడిగా తీసుకున్నా జాగ్రత్తే: √2 × √2 = 2, ఇది కరణీయం కాదు. అందుకే కరణీయాలతో పని చేసేటప్పుడు మొత్తం వాస్తవ సంఖ్యల సమితినే తీసుకోవడం మంచిది.

4. పరీక్షకు సరైన సంఖ్యల్ని ఎంచుకోండి

చాలామంది ఇక్కడే మోసపోతారు. చేతికందిన రెండు సంఖ్యలు పెట్టి చూసి తీర్పు చెప్పేస్తారు. కొన్ని జతలు అబద్ధం చెబుతాయి.

- 5, 5 జత: 5 − 5 = 5 − 5. సమాన సంఖ్యలు దేన్నీ పరీక్షించవు.
- 6, −6 జత: 6 ÷ (−6) = −1, (−6) ÷ 6 = −1. భాగహారానికి ధర్మం ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఎ ÷ బి, బి ÷ ఎ సమానం కావాలంటే ఎ² = బి² కావాలి. అంటే రెండూ సమానమైనా అవ్వాలి, గుర్తు మాత్రమే తేడా అయినా ఉండాలి.
- 2, 4 జత: 2⁴ = 16, 4² = 16. ఘాతానికి కూడా ధర్మం ఉందేమో అనిపిస్తుంది. 2, 3 తీసుకుంటే 2³ = 8, 3² = 9, అక్కడితో తేలిపోతుంది. వేర్వేరు ధన పూర్ణసంఖ్యల్లో ఇలా కుదిరే జత 2, 4 ఒక్కటే.

నేనైతే రెండు జతలు తప్పకుండా చూస్తాను: పరిమాణం, గుర్తు రెండూ వేరుగా ఉన్న జత (7, −2 లాంటిది), భిన్నం ఉన్న జత (2/3, 5 లాంటిది). 0, 1 చివర్లో చూడండి. వాటితో మొదలుపెడితే కొన్ని పరిక్రియలు మంచివిగానే కనిపిస్తాయి.

5. తీర్పు చెప్పే పద్ధతి

లేదు అని చెప్పడానికి ఒక్క ప్రత్యుదాహరణ చాలు. 7 − (−2) = 9, (−2) − 7 = −9. రెండూ సమానం కావు, కాబట్టి పూర్ణసంఖ్యల్లో తీసివేతకు స్థిత్యంతర ధర్మం లేదు. ఇంతే రాయాలి, ఇంకో ఉదాహరణ అక్కర్లేదు.

ఉంది అని చెప్పడానికి వంద ఉదాహరణలు కూడా చాలవు. నూటొకటో జత ఏం చెబుతుందో తెలియదు కదా. అక్కడ నిరూపణ కావాలి.

6. ఒక్కో సమితిలో నిరూపణ

మెట్టు మెట్టుగా వెళ్దాం. పై మెట్టు ప్రతిసారీ కింది మెట్టు మీద ఆనుకుని ఉంటుంది.

6.1 సహజ సంఖ్యలు

కాగితం మీద మూడు అడ్డు వరుసలు, వరుసకు ఐదు చుక్కలు పెట్టండి. వరుసల లెక్కన చూస్తే మూడు ఐదులు. ఇప్పుడు కాగితాన్ని పక్కకు తిప్పండి. ఐదు వరుసలు, వరుసకు మూడు చుక్కలు. ఒక్క చుక్క కూడా రాలేదు, పోలేదు. కాబట్టి 3 × 5 = 5 × 3.

ఇది ఒక్క ఉదాహరణే కదా అనొచ్చు. కాదు. చుక్కలు ఎన్నున్నా కాగితం తిప్పడం ఒకేలా పనిచేస్తుంది, 3, 5 అన్న అంకెలకు ఇందులో ప్రత్యేక పాత్ర ఏమీ లేదు. అందుకే ఇది సాధారణ వాదన. కూడికకు ఇంకా సులువు: రెండు చుక్కల గుంపుల్ని ఏ వైపు నుంచి లెక్కపెట్టినా మొత్తం ఒకటే. పై తరగతులవాళ్లు ఇదే విషయాన్ని గణితానుగమనంతో నిరూపిస్తారు.

6.2 పూర్ణసంఖ్యలు

కూడికను సంఖ్యారేఖ మీద అడుగులుగా చూడండి. (−7) + 4 అంటే సున్నా నుంచి ఎడమకు 7, తర్వాత కుడికి 4. చేరేది −3 కి. 4 + (−7) అంటే ముందు కుడికి 4, తర్వాత ఎడమకు 7. మళ్లీ −3. దారి వేరైనా గమ్యం ఒకటే.

గుణకారంలో రెండు పనులు విడివిడిగా జరుగుతాయి. ఒకటి గుర్తు తేల్చడం: రెండు గుర్తులూ ఒకటైతే ధనం, వేరైతే ఋణం. ఈ నియమంలో ఎవరు ముందు అన్న ప్రశ్నే లేదు. రెండోది పరిమాణం: అది ఇంతకుముందు మెట్టులో నిరూపించిన సహజ సంఖ్యల గుణకారమే. ఏదో ఒకటి సున్నా అయితే ఎటు రాసినా లబ్ధం సున్నాయే.

6.3 అకరణీయ సంఖ్యలు

ఎ/బి × సి/డి = (ఎ × సి)/(బి × డి). లవంలోనూ, హారంలోనూ ఉన్నవి పూర్ణసంఖ్యల లబ్ధాలే. వాటిని తిప్పి రాయొచ్చని ఇప్పటికే తెలుసు. అలా రాస్తే (సి × ఎ)/(డి × బి), అదే సి/డి × ఎ/బి. నిరూపణ అయిపోయింది.

కూడికకు 2/3 + 4/5 తీసుకోండి: (10 + 12)/15 = 22/15. తిప్పితే (12 + 10)/15, మళ్లీ 22/15. లవంలో రెండు సంఖ్యల కూడిక మాత్రమే తిరగబడింది, హారం కదల్లేదు.

అవే భిన్నాలతో మిగతా రెండు పరిక్రియలూ చేసి చూడండి. 2/3 − 4/5 = −2/15, తిప్పితే 2/15. 2/3 ÷ 4/5 = 5/6, తిప్పితే 6/5. తీసివేతను తిప్పితే గుర్తు మారుతుంది, భాగహారాన్ని తిప్పితే భిన్నం తలకిందులవుతుంది. ఇది ప్రతిసారీ జరుగుతుంది (భాగహారంలో సున్నా లేనంతవరకు). జవాబు సరిచూసుకోవడానికి ఇది మంచి ఆనవాలు.

6.4 వాస్తవ సంఖ్యలు

√2, √3 లను పూర్తిగా దశాంశాల్లో రాయలేం. అయినా వాటికి దగ్గరయ్యే అకరణీయాలు ఉన్నాయి. 1.41 × 1.73 = 2.4393, తిప్పినా అంతే. 1.414 × 1.732 = 2.449048, తిప్పినా అంతే. ప్రతి మెట్టులోనూ రెండు లబ్ధాలూ ఒకటే కాబట్టి అవి చేరుకునే విలువ కూడా ఒకటే, అది √6. కూడికకూ ఇదే వాదన.

6.5 సంకీర్ణ సంఖ్యలు

(2 + 3ఐ)(1 − 4ఐ) ను విప్పండి: 2 − 8ఐ + 3ఐ − 12ఐ². ఐ² = −1 కాబట్టి 14 − 5ఐ. తిప్పి విప్పండి: 2 + 3ఐ − 8ఐ − 12ఐ², మళ్లీ 14 − 5ఐ. మధ్య పదాలు చోటు మార్చుకున్నాయంతే. వాస్తవ సంఖ్యల ధర్మమే లోపల పనిచేస్తోంది.

7. తీసివేత, భాగహారం ఉన్న లెక్కలో సంఖ్యల్ని జరపడం

మొదట అడిగిన 8 − 3 + 5 కు ఇప్పుడు వద్దాం. అసలు విలువ 10. ఒక విద్యార్థి 3, 5 ల చోట్లు మార్చి 8 − 5 + 3 అని రాస్తే 6 వస్తుంది. ఇంకొకరు ముందు 3 + 5 కలిపేసి 8 − 8 = 0 అంటారు. ఇద్దరిదీ ఒకే తప్పు: తీసివేత గుర్తును సంఖ్య నుంచి విడదీశారు.

ఇలా చేయండి:

1. ప్రతి తీసివేతనూ ఋణ సంఖ్య కూడికగా మార్చండి: 8 + (−3) + 5.
2. ఇప్పుడు ఉన్నవన్నీ కూడికలే. ఎటైనా జరపండి: 8 + 5 + (−3).
3. మళ్లీ మామూలుగా రాయండి: 8 + 5 − 3 = 10.

భాగహారానికీ ఇదే దారి. 45 × 28 ÷ 9 ను 45 × 28 × 1/9 అనుకోండి. అప్పుడు 45 ÷ 9 × 28 అని జరపొచ్చు, 5 × 28 = 140. గుర్తు తన కుడిపక్క సంఖ్యకు అతుక్కుని ఉంటుంది. సంఖ్య జరిగితే గుర్తు కూడా దాంతోపాటే జరగాలి.

మనకు ఈ తప్పు ఎందుకు అంత సహజంగా దొర్లుతుందో నేను చాలాకాలం ఆలోచించాను. నాకు కనిపించిన ఒక కారణం మన భాషలోనే ఉంది. "8 నుంచి 3ని తీసేయండి" అన్నా, "3ని 8 నుంచి తీసేయండి" అన్నా తెలుగులో అర్థం ఒకటే. "15ని 3తో భాగించండి", "3తో 15ని భాగించండి" కూడా అంతే. మాటలు చోటు మారినా నుంచి, ని, తో అనే విభక్తులు ఎవరి పని ఏమిటో చెబుతూనే ఉంటాయి. గుర్తుల్లో రాసినప్పుడు విభక్తులు ఉండవు. 8 − 3 లో 8 ది "నుంచి" స్థానమని చెప్పేది అది ఎడమపక్కన ఉండడం ఒక్కటే. చోటు మారిస్తే విభక్తి మారినట్టే.

అందుకే మాటల్లో ఇచ్చిన లెక్క ఎదురైతే ముందు "నుంచి" ఉన్న సంఖ్య కింద గీత గీయండి. వాక్యంలో ఎక్కడున్నా సరే, రాసేటప్పుడు అది ఎడమకు వస్తుంది. భాగహారంలో "ని" ఉన్నది ఎడమకు, "తో" ఉన్నది కుడికి. దీన్ని అలవాటు చేసుకున్న పిల్లలకు మాటల లెక్కల టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

8. లెక్కల్లో వాడుకోవడం

సంఖ్యల్ని జరపడం స్థిత్యంతర ధర్మం పని. పక్కపక్కన చేరినవాటిని ముందు కలపడం సహచర ధర్మం పని. ఆచరణలో రెండూ చేయి కలిపే నడుస్తాయి.

- 17 + 58 + 83 + 42: 17ను 83తో, 58ని 42తో జత చేస్తే 100 + 100 = 200.
- 25 × 37 × 4: ముందు 25 × 4 = 100, తర్వాత 3700.
- 47 − 19 + 53 − 31: గుర్తులతో సహా జరిపితే 47 + 53 − 19 − 31 = 100 − 50 = 50.
- 50లో 18 శాతం ఎంత? 18లో 50 శాతం ఎంతో అంతే. అంటే 9. శాతం అంటే గుణకారమే కాబట్టి తిప్పొచ్చు.

9. తరచూ దొర్లే తప్పులు, సవరణలు

తేడాను తీసివేత అనుకోవడం. "8కీ 3కీ తేడా 5, 3కీ 8కీ తేడా కూడా 5, కాబట్టి తీసివేతను తిప్పొచ్చు" అని వాదించేవారున్నారు. రెండు సంఖ్యల మధ్య దూరం వేరే పరిక్రియ. దానికి స్థిత్యంతర ధర్మం ఉంది. తీసివేతకు దిశ కూడా ఉంటుంది, 3 − 8 = −5.

పరిక్రియల వరుసను మార్చడం. 2 + 3 × 4 ను 3 × 4 + 2 అని రాస్తే సరే, రెండూ 14. కానీ 2, 3 లను మార్చి 3 + 2 × 4 అంటే 11. ముందు గుణకారాన్ని కుండలీకరణాల్లో పెట్టండి: 2 + (3 × 4). ఆ కుండలీకరణం ఒకే ముద్ద. జరిపితే మొత్తం జరపాలి.

స్థిత్యంతరం ఉంటే సహచరమూ ఉంటుందనుకోవడం. రెండు సంఖ్యల సగటును తిప్పొచ్చు: 2, 4 ల సగటు, 4, 2 ల సగటు రెండూ 3. ఇప్పుడు 2, 4, 8 తీసుకోండి. ముందు 2, 4 ల సగటు 3, దానికీ 8కీ సగటు 5.5. ముందు 4, 8 ల సగటు 6, 2కూ దానికీ సగటు 4. మొదటి ధర్మం ఉంది, రెండోది లేదు. రెంటినీ విడివిడిగా పరీక్షించాల్సిందే.

జవాబు ఒకటైతే సందర్భమూ ఒకటేననుకోవడం. రోజుకు 2 మాత్రలు 10 రోజులు, రోజుకు 10 మాత్రలు 2 రోజులు. లబ్ధం రెంటిలోనూ 20. మింగేవాడికి మాత్రం రెండూ ఒకటి కావు. మాటల లెక్కలో ఏ సంఖ్య దేన్ని సూచిస్తుందో రాసుకున్నాకే తిప్పండి.

10. మామూలు సంఖ్యల హద్దు దాటితే

గుణకారం ఎక్కడైనా తిప్పొచ్చన్న ధీమా మాత్రికల (సంఖ్యల్ని అడ్డు, నిలువు వరుసల్లో పేర్చిన పట్టికల) దగ్గర ఆగిపోతుంది. మొదటి మాత్రిక వరుసలు (1, 1), (0, 1). రెండోదానివి (1, 0), (1, 1) అనుకోండి. మొదటిదాన్ని ముందు పెట్టి గుణిస్తే వరుసలు (2, 1), (1, 1) వస్తాయి. తిప్పి గుణిస్తే (1, 1), (1, 2). ఒక్క ప్రత్యుదాహరణ, తీర్పు అయిపోయింది. మాత్రికల కూడికను మాత్రం నిశ్చింతగా తిప్పొచ్చు.

ఐరిష్ గణితవేత్త హామిల్టన్ 1843లో కనిపెట్టిన క్వాటర్నియన్లలోనూ (సంకీర్ణ సంఖ్యల్ని ఐతోపాటు జె, కె కూడా చేర్చి విస్తరించిన సంఖ్యల్లోనూ) అంతే. ఐ × జె = కె అయితే, జె × ఐ = −కె.

కంప్యూటర్‌లో దశాంశాలతో పని చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. 0.1 + 0.2 అన్నా 0.2 + 0.1 అన్నా యంత్రం ఒకే జవాబిస్తుంది. మూడు సంఖ్యలైతే కంప్యూటర్లు దశాంశాల్ని దాచుకునే సాధారణ పద్ధతి అయిన డబుల్ ప్రెసిషన్‌లో (0.1 + 0.2) + 0.3 కు 0.6000000000000001 వస్తుంది, 0.1 + (0.2 + 0.3) కు 0.6 వస్తుంది. ఇక్కడ దెబ్బతిన్నది సహచర ధర్మం, స్థిత్యంతరం కాదు. ఇక చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో + గుర్తు అక్షరాల్ని అతికించడానికి కూడా వాడతారు. "12"నూ "7"నూ అక్షరాలుగా అతికిస్తే "127", తిప్పితే "712". గుర్తు అదే అయినా పరిక్రియ వేరు.

11. చెక్‌లిస్ట్

- సమితి పేరు, పరిక్రియ పేరు రాశానా?
- ఫలితం ఆ సమితిలోనే ఉంటుందా? సున్నాతో భాగహారం వస్తుందా?
- సమాన సంఖ్యలు, గుర్తు మాత్రమే తేడా ఉన్న జతలు వదిలేశానా?
- ఋణ సంఖ్యతో, భిన్నంతో పరీక్షించానా?
- లేదు అంటే: ఒక ప్రత్యుదాహరణ, రెండువైపుల విలువలతో రాశానా?
- ఉంది అంటే: ఏ రెండు సంఖ్యలకైనా పనిచేసే నిరూపణ ఉందా?
- లెక్కలో జరిపేటప్పుడు సంఖ్యతోపాటు గుర్తునూ జరిపానా?

12. మీరే చేసి చూడండి

వాస్తవ సంఖ్యల సమితిలో ఈ మూడు కొత్త పరిక్రియల్ని పై మెట్ల ప్రకారం పరీక్షించండి. జవాబులు కిందే ఉన్నాయి, చేశాకే చూడండి.

(క) ఎ ∗ బి = ఎ + బి + ఎ × బి
(చ) ఎ ∗ బి = 2 × ఎ + బి
(ట) ఎ ∗ బి = ఎ, బి లలో పెద్దది

(క) ఉంది. ఎ, బి ల చోట్లు మారిస్తే బి + ఎ + బి × ఎ. కూడిక, గుణకారం రెంటినీ తిప్పొచ్చు కాబట్టి మొదటిదే వస్తుంది.
(చ) లేదు. 1 ∗ 3 = 5, 3 ∗ 1 = 7.
(ట) ఉంది. రెంటిలో పెద్దది ఏదన్నది ఏ సంఖ్యను ముందు చెప్పామన్నదాని మీద ఆధారపడదు.